మా నాలుగేళ్ల వాడికి రిమోట్ కారు: ఏది కొనమంటారు?

బుజ్జిగాడి అమ్మ, వేళచ్చేరి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. పెళ్లయినప్పటి నుంచి చెన్నైలోనే, వేళచ్చేరిలో ఉంటున్నాం. నవంబరు రెండో వారంలో మా బుజ్జిగాడికి నాలుగేళ్లు నిండుతాయి. పుట్టినరోజుకు రిమోట్ కారు కావాలని రెండు నెలలుగా ఒకటే పాట. కొనివ్వాలని మాకూ ఉంది, ఏది కొనాలో మాత్రం తేలడం లేదు. ఆన్‌లైన్‌లో వందల రకాలున్నాయి. ఏ కారు కింద చూసినా "పిల్లలకు తెగ నచ్చింది" అని ఒకరు, "రెండో రోజే పాడైంది" అని ఇంకొకరు రాసి ఉంటారు.

ఆ రెండో రోజు పాడవడం మా ఇంట్లోనూ జరిగింది. జూన్‌లో మా తమ్ముడు ఊరి నుంచి వస్తూ ఒక ఎర్ర కారు తెచ్చాడు. తలుపులు తెరుచుకుంటాయి, ముందు లైట్లు వెలుగుతాయి. రిమోట్ స్టీరింగు ఆకారంలో ఉంటుంది. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో! మర్నాడు సాయంత్రానికల్లా ఆగిపోయింది. లోపల మోటారు గుయ్యిమని తిరుగుతున్న చప్పుడు వస్తుంది, చక్రాలు మాత్రం కదలవు. సెల్స్ మార్చి చూశాం, లాభం లేదు. కొన్న దుకాణంలో మా తమ్ముడు అడిగితే బొమ్మలకు గ్యారంటీ ఉండదని పంపేశారట. బుజ్జిగాడు మాత్రం దాన్ని పారేయనివ్వడు. ఇప్పటికీ రాత్రి తలగడ పక్కన పెట్టుకునే పడుకుంటాడు.

కారు నడిచిన ఆ రెండు రోజుల్లో నేను చూసింది చెప్తాను, మీకు సలహా ఇవ్వడానికి పనికొస్తుందేమో. రిమోట్ చేతికి ఇవ్వగానే వాళ్ల నాన్న కారు నడిపినట్టు స్టీరింగును అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టాడు. ముందుకు పోవాలంటే వెనక ఒక బటన్ నొక్కి పట్టుకోవాలి. తిప్పుతుంటే నొక్కడం మరిచిపోతాడు, నొక్కుతుంటే తిప్పడం మరిచిపోతాడు. కారు పోయి సోఫా కాలికి తగులుకుంటే అలాగే నొక్కుతూ ఉండిపోతాడు. కాసేపటికి రిమోట్ కింద పడేసి పరుగెత్తి, కారును చేత్తో తిప్పి, మళ్లీ వచ్చి రిమోట్ తీసుకుంటాడు. పది నిమిషాలయ్యాక రిమోట్ ఒక మూల, వాడు ఒక మూల. నేల మీద బోర్లా పడుకుని కారును చేత్తోనే తోసుకుంటూ బుర్రుమని ఆడుకున్నాడు.

ఒక్కటి మాత్రం నాకు బాధనిపించింది. కారు వాడి నుంచి దూరంగా పోయేటప్పుడు బాగానే తిప్పాడు. వాడి వైపు తిరిగి వస్తున్నప్పుడు కుడికి అంటే ఎడమకు పోతుంది కదా. మూడు నాలుగు సార్లు అలా అయ్యేసరికి "అమ్మా, కారు నా మాట వినడం లేదు" అని ఏడ్చాడు. ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ఇంటి సంగతులు కూడా చెప్తాను. రెండో అంతస్తు ఫ్లాటు, హాలు పద్నాలుగు అడుగుల పొడవు, టైల్స్ నేల. కింది ఇంట్లో పెద్దావిడ ఒంటరిగా ఉంటారు, పైన చప్పుడైతే ఆవిడకు నిద్ర ఉండదు. నవంబరంటే మా వైపు వానలు, పార్కింగులో నీళ్లు నిలుస్తాయి, కాబట్టి ఆటంతా ఇంట్లోనే. వానలు తగ్గాక ఆదివారాలు బెసెంట్ నగర్ బీచికి తీసుకెళ్లి ఆడిద్దామని ఉంది. ఇంట్లో ఏడాదిన్నర పాప కూడా ఉంది, ఏది దొరికినా నోట్లోకే. మా ఆయన ఏడు వేల రూపాయల పెద్ద మాన్‌స్టర్ ట్రక్కు చూసి పెట్టారు, వాడు పెద్దయ్యాక కూడా పనికొస్తుందంటున్నారు. నేను రెండు వేల లోపే అనుకుంటున్నాను.

అసలు నాలుగేళ్లకు ఇది తొందరా? తొందర కాకపోతే ఎలాంటిది కొనాలి? దయచేసి చెప్పండి.

కవలల అమ్మ, అన్నానగర్

తొందరేం కాదండీ. మా వాళ్లకు నాలుగేళ్లప్పుడే కొన్నాం. నేను చేసిన ఒక తప్పు చెప్తాను. ఇద్దరికీ గొడవ రాకూడదని ఒకే మోడల్ కార్లు రెండు తెచ్చాను. ఇంటికొచ్చి ఆన్ చేస్తే ఒక రిమోట్ నొక్కినా రెండు కార్లూ కదిలాయి! రెండూ ఒకే రేడియో తరంగం మీద, 27 మెగాహెర్ట్జ్ మీద, నడిచేవి. పెట్టె మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది, నాకే తెలియలేదు. మీకు ఇప్పుడు ఒక్కడే అయినా, అపార్ట్‌మెంట్‌లో పక్కింటి పిల్లవాడు అలాంటిదే తెస్తే ఇదే గొడవ. 2.4 గిగాహెర్ట్జ్ అని ఉన్నది తీసుకోండి. ఏ కారు రిమోట్ ఆ కారుతోనే జత కడుతుంది. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మాత్రం ఒక కారు, దాని రిమోట్ జత కలిశాకే రెండో కారు ఆన్ చేయండి.

స్టీరింగు ఆకారం రిమోట్ గురించి మీరు రాసింది అక్షరాలా మా ఇంట్లోనూ జరిగింది.

పెరంబూర్ తాతయ్య

అమ్మా, నేను రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ కర్మాగారంలో ముప్పై నాలుగేళ్లు ఎలక్ట్రికల్ వైపు పనిచేసి రిటైరయ్యాను. మనవళ్లు, మనవరాళ్లు ఐదుగురు. వాళ్ల బొమ్మలన్నీ నా బల్ల మీదికే వస్తాయి. నాకు తెలిసింది వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదట ఆ ఎర్ర కారు సంగతి. అది చచ్చిపోలేదు. మోటారు తిరుగుతూ చక్రం కదలడం లేదంటే మధ్యలో గేరు పోయిందన్నమాట. మేం రైలు పెట్టెలకు చేసిన ఏర్పాటే ఆ బొమ్మలోనూ ఉంటుంది: మోటారు ఇరుసుకు చిన్న గేరు, చక్రాల ఇరుసుకు పెద్ద గేరు. ఆ చిన్నదాన్ని పినియన్ అంటాం. బొమ్మల్లో అది వేలి గోరు కంటే చిన్నదిగా, తెల్ల ప్లాస్టిక్‌తో ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల మోటారు కడ్డీకి నొక్కి బిగిస్తారు, అంతే. చేత్తో కారును తోస్తే చక్రాలు గేర్లను వెనక నుంచి తిప్పుతాయి, ఆ బలమంతా చివరికి ఈ చిన్న ముక్క మీదే పడుతుంది. అది సన్నగా చీలుతుంది. చీలాక మోటారు కడ్డీ దాని లోపల ఊరికే తిరుగుతుంది, మీకు గుయ్యిమనే చప్పుడు వినిపిస్తుంది. వెనక చక్రాన్ని వేలితో తిప్పి చూడండి. మోటారు పట్టు ఏమీ తగలకుండా తేలిగ్గా తిరిగితే నేను చెప్పిందే.

ఇది మీ వాడి తప్పు కాదు. ఆ వయసు పిల్లవాడు కారును చేత్తో తోయకుండా ఎలా ఉంటాడు? తోయకూడని బొమ్మను వాడి చేతికి ఇవ్వకూడదు. అందుకే కొనేటప్పుడు దుకాణంలో పెట్టె తెరిపించి, స్విచ్చి ఆపి, కారును బల్ల మీద పెట్టి మెల్లగా తోసి చూడండి. చక్రాలు హాయిగా దొర్లినా, టకటకమని చప్పుడు చేస్తూ జారినా మంచిదే. ఆ టకటక అంటే లోపల క్లచ్చు ఉంది, బలం ఎక్కువైతే గేరు విరగకుండా అది జారిపోతుంది. చక్రాలు బిగుసుకుపోయి కారు బల్లను గీసుకుంటూ జరిగితే మాత్రం వెనక్కి ఇచ్చేయండి, ఎంత అందంగా ఉన్నా సరే.

రెండోది, ఇదే అసలైనది. అందరూ కారును చూసి కొంటారు. చిన్నపిల్లలకు కొనేటప్పుడు రిమోట్‌ను చూసి కొనాలి. ఆ వయసులో వేళ్లు ఒక్కోటి ఒక్కో పని చేయడం ఇంకా రాదు. స్టీరింగు తిప్పుతూ వెనక బటన్ నొక్కడమంటే రెండు చేతులకూ రెండు వేరు పనులు, అదీ రిమోట్‌ను గాలిలో పట్టుకుని. తుపాకీలా పట్టుకుని చక్రం తిప్పే రిమోట్‌లు ఇంకా కష్టం, వాటి ట్రిగ్గరు పెద్దవాళ్ల చూపుడు వేలి కొలతకు చేసింది. మీకు కావలసింది అరచేతుల్లో అటూ ఇటూ పట్టుకునే రిమోట్. ఎడమ బొటనవేలి కింద ముందుకూ వెనక్కూ, కుడి బొటనవేలి కింద కుడికీ ఎడమకూ. బటన్లు పెద్దవిగా, నొక్కితే టిక్కుమని తెలిసేలా ఉండాలి. మీ వాడినే దుకాణానికి తీసుకెళ్లి రిమోట్ చేతికివ్వండి. పట్టు వదలకుండా రెండు బొటనవేళ్లూ బటన్ల మీదికి వస్తున్నాయా లేదా చూడండి. కారు రంగు వాడినే ఎంచుకోనివ్వండి.

మూడోది, పాప ఉందన్నారు కాబట్టి చెప్పక తప్పదు. గడియారాల్లో వేసే బిళ్ల సెల్స్ ఉన్న బొమ్మ గాని, రిమోట్ గాని ఆ ఇంట్లోకి రానివ్వకండి. పిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుని, రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయేంత ప్రమాదం. మింగారని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నాలేవీ చేయకుండా నేరుగా ఎమర్జెన్సీకి పరుగెత్తాలి. పెన్సిల్ సెల్స్ వేసేవే తీసుకోండి. కారుకూ, రిమోట్‌కూ రెండింటికీ సెల్స్ మూత స్క్రూతో బిగించేదై ఉండాలి.

పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలన్నిటికీ అది తప్పనిసరి. కరెంటుతో, బ్యాటరీతో నడిచే బొమ్మలకైతే గుర్తు పైన ఐఎస్ 15644 అని ఉంటుంది, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. రోడ్డు పక్క సగం ధరకు వచ్చేవాటి మీద ఇవేవీ ఉండవు.

ఆదివారం బగ్గీ, షోళింగనల్లూర్

తాతయ్య గారు చెప్పినదాని మీద నేను చెప్పేదేమీ లేదు. ఆ ఏడు వేల ట్రక్కు గురించి మాత్రం మీ ఆయన గారికి నా మాటగా చెప్పండి. నేను ఆరేళ్లుగా ఇవే నడుపుతున్నాను, వాటిని ఎంత ఇష్టపడతానో నాకు తెలుసు. అయినా వద్దంటున్నాను.

ఆ తరగతి బండ్లు గంటకు 40 కిలోమీటర్ల దాకా పోతాయి. అంటే సెకనుకు 11 మీటర్లు. మీ పద్నాలుగు అడుగుల హాలును దాటడానికి దానికి అర సెకను కూడా పట్టదు. అసలు బండిలో పదో వంతు కొలతతో చేసిన బొమ్మ బండి రెండు కిలోల దాకా బరువుంటుంది. నేల మీద కూర్చున్న ఏడాదిన్నర పాపకు అది తగిలితే? కొన్నిటికి వేగాన్ని సగానికి తగ్గించే శిక్షణ పద్ధతి ఉంటుంది, మంచిదే, కానీ సగం కూడా ఆ హాలుకు ఎక్కువే. ఇలాంటి చాలా బండ్ల పెట్టె మీద 14 ఏళ్లు పైబడినవారికి అనే రాసి ఉంటుంది. మీకు కావలసింది పెద్దవాళ్లు మామూలుగా నడిచే వేగం, గంటకు ఐదారు కిలోమీటర్లు. వాడు ఆలోచించుకుని బటన్ నొక్కడానికి రెండు మూడు సెకన్లైనా దొరుకుతాయి.

ఇక బ్యాటరీ. ఈ పెద్ద బండ్లలో లిథియం పాలిమర్ ప్యాకులుంటాయి. వాటిని ఎవరూ చూడకుండా చార్జింగు పెట్టకూడదు, ఉబ్బినదాన్ని వాడకూడదు, దెబ్బ తగిలినదాన్ని ఇంట్లో ఉంచకూడదు. నేను చార్జింగు పెడితే అది అయ్యేదాకా ఆ గదిలోంచి కదలను. ఇద్దరు చిన్నపిల్లలతో మీకు ఆ పని పెట్టడం నాకిష్టం లేదు.

బీచి మాట కూడా మరిచిపోండి. మొదటి ఏడాది నేను నా బగ్గీని బెసెంట్ నగర్ తీసుకెళ్లాను. గంటసేపు ఎంత ఆనందంగా నడిపానో! ఇంటికొచ్చి విప్పితే గేర్ల మధ్యంతా ఇసుక, వారం తిరిగేసరికి బేరింగులు తుప్పుపట్టి గరగరలాడాయి. ఉప్పు ఇసుకను తట్టుకునే బొమ్మ కారు నేనింతవరకు చూడలేదు. వానలు తగ్గాక మేడ మీదికి తీసుకెళ్లండి, లేదా టెన్నిస్ కోర్టు లాంటి గట్టి నేల చూసుకోండి.

వాడికి పదేళ్లొచ్చాక, అప్పటికీ ఇష్టం ఉంటే, మీ ఆయన గారిని ఆ ట్రక్కు కొనమనండి. దాని నట్లు విప్పి బిగించడం నేను నేర్పిస్తాను.

బుజ్జిగాడి అమ్మ, వేళచ్చేరి

ఇంత ఓపిగ్గా రాసినందుకు ముగ్గురికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. బగ్గీ గారి లెక్క మా ఆయనకు చదివి వినిపించాను. టేపు తెచ్చి హాలు కొలిచారు, ఆ తర్వాత ట్రక్కు మాట ఎత్తలేదు.

తాతయ్య గారూ, వెనక చక్రం తిప్పి చూశాను. మీరు చెప్పినట్టే తేలిగ్గా తిరుగుతోంది. అది బాగు చేయడం నా వల్ల అవుతుందా? ఇంకో రెండు సందేహాలు. యూఎస్‌బీ తీగతో చార్జి చేసే బ్యాటరీతో వచ్చే కార్లు ఉన్నాయి, అవి మంచివా, పెన్సిల్ సెల్స్ మంచివా? అన్నిటికంటే ముఖ్యంగా, కారు ఎదురుగా వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారయ్యే సంగతి వాడికి ఎలా చెప్పాలి?

పెరంబూర్ తాతయ్య

తప్పకుండా అవుతుంది తల్లీ. కారు బోర్లించి కింద ఉన్న స్క్రూలు విప్పండి, నాలుగో ఆరో ఉంటాయి. పై డొప్ప మెల్లగా లేపండి, లైట్ల తీగలు దానికే అతుక్కుని ఉంటాయి, లాగితే తెగుతాయి. వెనక ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టెలో మోటారు, గేర్లు కనిపిస్తాయి. విప్పే ముందు సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పాత పినియన్‌ను తీసుకుని చింతాద్రిపేట దగ్గర రిచీ స్ట్రీట్‌కు వెళ్లండి. చిన్న మోటార్లు అమ్మే దుకాణాల్లో ఆ పాతది చూపించి, రెండు మిల్లీమీటర్ల రంధ్రంతో అన్నే పళ్లున్నది ఇమ్మని అడగండి. పళ్లు లెక్కపెట్టుకుని వెళ్లండి. ఒక్క పన్ను తేడా వచ్చినా కలవదు.

సెల్స్ సంగతి. మీ ఇంటికి నేనైతే చార్జి చేసుకునే పెన్సిల్ సెల్స్, నికెల్ మెటల్ హైడ్రైడ్ అంటారు, అవి కొంటాను. మామూలు సెల్ 1.5 వోల్టులైతే ఇవి 1.2. నాలుగు వేస్తే 6కు బదులు 4.8 వోల్టులు. కారు కొంచెం నెమ్మదిగా పోతుంది. మీకు కావలసిందీ అదే కదా! పాతవీ కొత్తవీ కలిపి వేయకండి. వారం పది రోజులు ఆడకపోతే సెల్స్ తీసి పెట్టండి. మన చెన్నై గాలికి, సెల్ కారితే లోపలి స్ప్రింగులు తొందరగా పాడవుతాయి. యూఎస్‌బీ బ్యాటరీ చెడ్డదని కాదు. అది వస్తే పరుపు మీద, రాత్రిళ్లు చార్జి పెట్టవద్దు. ఆడిన వెంటనే కాకుండా చల్లబడ్డాక పెట్టండి.

టైర్లు మెత్తటి రబ్బరువి చూడండి. గట్టి ప్లాస్టిక్ చక్రాలు టైల్స్ మీద జారతాయి, కింది ఇంటికి గరగరా వినిపిస్తాయి. కారు నేరుగా పోకుండా ఒక పక్కకు లాగుతుంటే కంగారు పడకండి, కింద ముందు చక్రాల మధ్య చిన్న మీట ఉంటుంది, దాన్ని ఒక్క గీత అటో ఇటో జరిపితే సర్దుకుంటుంది. పాప జుట్టు దగ్గర మాత్రం తిరిగే చక్రాలు రానివ్వకండి.

ఇప్పుడు కుడి ఎడమలు. నాలుగేళ్ల వాడికి కుడి, ఎడమ అనే మాటలతో చెప్పకండి, మనకే అప్పుడప్పుడు తడబాటు. కారు కుడివైపు తలుపు మీద ఎర్ర రంగు గుర్తు పెట్టండి. రిమోట్‌లో కుడి బటన్ మీద కూడా ఎరుపే. ఎడమవైపు రెండు చోట్లా పసుపు. ఎర్ర బటన్ నొక్కితే కారు ఎప్పుడూ దాని ఎర్ర వైపుకే తిరుగుతుంది, మన ముందు పోతున్నా, మన మీదికి వస్తున్నా. ఇదొక్కటే చెప్పండి. మొదటి వారం కారు వెనకాలే నడవమనండి, పశువు వెనక నడిచినట్టు. అప్పుడు వాడి ముఖం, కారు ముఖం ఒకే వైపు ఉంటాయి.

బుజ్జిగాడి అమ్మ, వేళచ్చేరి

మూడు వారాలయింది, ఏం జరిగిందో రాస్తానని అనుకుంటూనే ఆలస్యమైంది.

పాండీ బజారులో పెట్టె తెరిచి చూపించే దుకాణం దొరకడానికి నాలుగు మెట్లెక్కాం. మొదటి మూడింటిలో తెరవడం కుదరదన్నారు. నాలుగో ఆయన తనే బల్ల మీద పెట్టి తోసి చూపించాడు, టకటకలాడింది. నీలం రంగు జీపు, 2.4 గిగాహెర్ట్జ్, రబ్బరు టైర్లు, రెండు మూతలకూ స్క్రూలు, 1,150 రూపాయలు. బుజ్జిగాడు ముందు చేయి చాచింది మాత్రం స్టీరింగు రిమోట్ ఉన్న పోలీసు కారుకే. రెండు రిమోట్లూ చేతికిచ్చాం. పోలీసు కారును పక్కన పెట్టించడానికి పావుగంట పట్టింది, కానీ జీపు రిమోట్‌ను వాడు రెండు చేతులతో పట్టుకున్న తీరు చూశాక నాకు ఇంక అనుమానం లేకపోయింది.

రంగులకు నా బొట్టుబిళ్లలు అంటిద్దామనుకున్నాను. పాప పీకి నోట్లో పెట్టుకుంటుందని గుర్తొచ్చి, గోళ్ల రంగు పూశాను. ఎరుపు ఉంది, పసుపు లేదు, అది మాత్రం కొన్నాను. మొదటి రెండు రోజులూ రంగులను వాడసలు చూడలేదు. మూడో రోజు జీపు టీవీ బల్ల దగ్గర తిరిగి వాడి వైపే వస్తోంది. వాడు ఆగాడు. తల వంచి జీపు తలుపును చూశాడు, రిమోట్‌ను చూశాడు, "ఎరుపు" అని తనలో తాను అనుకుని నొక్కాడు. జీపు సోఫా కాలిని తప్పించుకుని తిరిగింది. నా వైపు కూడా చూడకుండా మళ్లీ వెనక్కి నడిపి, అదే చోట అదే మలుపు ఎన్నిసార్లు తిప్పాడో! నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను, పొయ్యి మీద చారు పొంగింది.

ఇప్పటికీ రోజూ సగంసేపు చేత్తోనే తోస్తాడు. టకటకమంటుంది, ఏమీ కాలేదు. కింది ఇంటి పెద్దావిడను అడిగాను, చప్పుడేమీ వినిపించడం లేదన్నారు.

ఎర్ర కారు కూడా నడుస్తోంది తాతయ్య గారూ! పేపరు పరిచి, వాడిని పక్కన కూర్చోబెట్టుకుని విప్పాను. స్క్రూలు ఒక్కోటి తీసి వాడి చేతిలో పెడితే వాడు స్టీలు గిన్నెలో వేశాడు, పడ్డ ప్రతిసారీ టింగుమంటే నవ్వాడు. పినియన్‌ను వెలుతురుకు పెట్టి చూస్తే వెంట్రుక మందం చీలిక. ఎనిమిది పళ్లు. రిచీ స్ట్రీట్‌లో మూడో దుకాణంలో దొరికింది, గేర్ల పొట్లం మొత్తం కొనాల్సి వచ్చింది, అయినా వంద రూపాయలు కాలేదు. నొక్కి బిగించి, సెల్స్ వేసి స్విచ్చి వేస్తే చక్రాలు తిరిగాయి. వాడు దాన్ని పట్టుకెళ్లి జీపు పక్కన నిలబెట్టాడు.

ఒక్క అనుమానం. అంతా బిగించాక గిన్నెలో ఒక స్క్రూ మిగిలింది. మిగతా వాటికంటే పొట్టిగా ఉంది, నల్లగా ఉంది. కారు బాగానే నడుస్తోంది. అది ఎక్కడిదై ఉంటుంది?

పెరంబూర్ తాతయ్య

చాలా సంతోషం తల్లీ. మనవడికి నా ఆశీస్సులు చెప్పండి.

కారు బోర్లించి సెల్స్ మూత చూడండి. దాని అంచున ఒక చిన్న గుంట ఖాళీగా ఉందా? జూన్‌లో సెల్స్ మార్చినప్పుడు తీసి ఉంటారు, మూత కొక్కేనికి ఆగుతుంది కాబట్టి అప్పుడు తెలియలేదు. ఈసారి విప్పేటప్పుడు మిగతావాటితో పాటు గిన్నెలోకి వచ్చి ఉంటుంది.

బుజ్జిగాడి అమ్మ, వేళచ్చేరి

అవును, గుంట ఖాళీగానే ఉంది. జూన్‌లో స్క్రూ తీసి కారు పెట్టెలో వేశాను, ఇప్పుడు గుర్తొచ్చింది. అంటే ఇన్నాళ్లూ మూత ఊరికే ఉంది.

పెరంబూర్ తాతయ్య

అయితే ఇప్పుడే బిగించండి. అది పడేదాకా ఆ కారును పాపకు అందని చోట, అలమరా పైన పెట్టండి. స్క్రూ బిగుసుకోగానే ఆపేయండి, ఇంకో చుట్టు తిప్పారంటే ప్లాస్టిక్‌లో మర పోతుంది.